మామూలు ఉక్కే అని చెప్పాను

పద్నాలుగు పదిహేనేళ్ళుగా ఒక మాట నాలో ఉండిపోయింది. దాన్ని మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అదే నయం. నన్ను ఎరిగినవాళ్ళకు చెప్పబోతే ముందు నా ముఖం చూస్తారు, తర్వాత మా అన్నయ్య పరువు గుర్తు చేసుకుంటారు, ఆ తర్వాత ఎప్పటికో మాట వింటారు. మీరైతే మాట ఒక్కటే వింటారు.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఈ సంగతి నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. చెప్పుకున్న ప్రతిసారీ అది కొంచెం మారుతుంది. ఒకసారి నేను పరమ దుర్మార్గుడిగా కనిపిస్తాను. ఇంకోసారి లోకం తెలియని కుర్రాడిగా కనిపిస్తాను. రెండూ అబద్ధమనిపిస్తుంది, మళ్ళీ రెండూ నిజమేననిపిస్తుంది. ఒక ఆడమనిషికి కన్ను పోయింది. అది మాత్రం ఎన్నిసార్లు చెప్పుకున్నా మారలేదు.

మాది రాయగడలో ఇనుప సామాను కొట్టు. రైలు పడ్డ కొత్తలో మా నాన్న విజయనగరం వైపు నుంచి వచ్చి పెట్టాడు. నాన్న పోయాక అన్నయ్య నడిపేవాడు. నేను విజయనగరంలో స్కూలు ఫైనలు దాకా చదివాను. యంత్రాలంటే నాకు పిచ్చి. ఇంజనీరింగు చదువుతానని అడిగితే అన్నయ్య, "సదివింది సాల్లే, కొట్లో కూకో" అన్నాడు. కూర్చున్నాను. మేకులు, గొలుసులు, బొక్కెనలు, గడ్డపారలు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తూచడం, కట్టడం. నాకు తెలిసినవి ఏవీ అక్కడ ఎవరికీ అక్కర్లేదు. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే సాకు వెతుక్కుంటున్నానా అనిపిస్తోంది. కావచ్చు. కానీ ఆ రోజుల్లో నా కడుపులో ఉన్న మంట అదే. అది చెప్పకపోతే మిగతాది మీకు అర్థం కాదు.

యుద్ధం అయిపోయాక మిలటరీ వాళ్ళు విశాఖపట్నంలో పాత లారీలను ముక్కలు చేసి వేలం వేశారు. అన్నయ్య ఆ తుక్కులో లారీ ఇరుసులు చాలా కొన్నాడు. మా కొట్టు పక్కన గోడకు ఆనించి కట్టెల్లా పేర్చాం. ఆ ఇరుసుల సంగతి నాకు చెప్పినవాడు మస్తాన్. అతను జయపురంలో లారీలు బాగుచేసే మెకానిక్కు. యుద్ధంలో మిలటరీ వర్క్‌షాపులో పనిచేసి వచ్చాడు. నట్లూ బోల్టుల కోసం మా కొట్టుకు వచ్చినప్పుడు నాతో కాసేపు మాట్లాడేవాడు. నేను అడిగే ప్రశ్నలు అతనికి సరదా.

ఒకరోజు ఆ ఇరుసుల గుట్ట చూసి ఆగిపోయాడు.

"ఇయ్యి కొలిమోలకి అమ్మకండి సినబాబూ" అన్నాడు. "మీరమ్మే రైలు పట్టా ముక్కలాంటివి కావివి. దీన్లో నికెలున్నాది, క్రోమియం ఉన్నాది, మాలిబ్డినం కూడా ఏస్తారు. ఎర్రగా కాల్సి నీట్లో ముంచితే గాజైపోద్ది."

మామూలు ఉక్కు కూడా నీళ్ళలో ముంచితే గట్టిపడుతుంది కదా అన్నాను.

"గట్టిపడతాది. ఎంత గట్టిపడాలో ఉక్కులోని బొగ్గుసారం సూసుకుంటాది. ఎంత లోతుకి గట్టిపడాలో ఈ నికెలూ క్రోమియం సూసుకుంటాయి. అది ఏరు, ఇది ఏరు." కాస్త ఆగి నవ్వాడు. "గారె తిన్నారా? పైన కరకర, లోపల మెత్తన. మామూలు ఉక్కు అలగ. దెబ్బ కొడితే లోపలి మెత్తదనం కాస్తాది. ఇది జంతిక. పైనుంచి లోపలిదాకా ఒకటే కరకర. ఒత్తితే టప్పుమంటాది."

తర్వాత అతను వచ్చినప్పుడల్లా అడిగి అడిగి తెలుసుకున్నాను. ఎర్రగా కాలిన ఉక్కును నీళ్ళలో ముంచితే పైపొర గబుక్కున చల్లారి గట్టిపడుతుంది. లోపలి భాగం మెల్లగా చల్లారుతుంది. మామూలు ఉక్కయితే ఆ కాస్త ఆలస్యం చాలు, లోపల మెత్తబడిపోతుంది. నికెలూ క్రోమియమూ కలిసిన ఉక్కు అలా తొందరపడదు. దానికి ఓపిక ఎక్కువ అనేవాడు మస్తాన్. మెల్లగా చల్లారినా మెత్తబడకుండా ఆగుతుంది, అందుకే నడిమధ్య దాకా గట్టిపడిపోతుంది. అలాంటిదానికి నీళ్ళ దూకుడు పనికిరాదు. పైన ఒకలాగా లోపల ఒకలాగా బిగుసుకుని, కంటికి కనబడని పగుళ్ళు పడతాయి. దాన్ని నూనెలో ముంచాలి. ముంచాక మళ్ళీ బాగా వేడిచేసి ఆ పెళుసుతనం పోగొట్టాలి.

ఇదంతా నాకు నోటికొచ్చింది. మా ఊళ్ళో ఇంకెవరికీ తెలియని విషయం నాకొక్కడికే తెలుసు. ఆ సంతోషం ఎలాంటిదో మీకు చెప్పలేను.

ఇప్పుడు సింహాద్రి గురించి చెప్పాలి. నాగావళి ఒడ్డు వైపు, ఊరి చివర అతని కొలిమి. పొలం పనిముట్లూ కొండవాళ్ళకు గొడ్డళ్ళూ చేసేవాడు. అతని భార్య పైడితల్లి. సమ్మెట ఆమెది. అతను పట్టకారుతో ఎర్రటి ఇనుమును దాగలి మీద పెట్టి చిన్న సుత్తితో ఒకచోట తాకించేవాడు. సరిగ్గా అక్కడే ఆమె సమ్మెట దిగేది. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకునేవారు కాదు. సంతకు వచ్చినవాళ్ళు నిలబడి చూసేవారు. నేనూ చూశాను. చీర చెంగు నడుముకు బిగించి, కాళ్ళు ఎడంగా పెట్టి ఆమె సమ్మెట ఎత్తితే ఆ చేతుల్లో ఎక్కడా తొందర ఉండేది కాదు.

సింహాద్రికి మాటల సరదా ఎక్కువ. ఒక సాయంత్రం మా కొట్టు అరుగు మీద నలుగురు కూర్చుని ఉంటే నేను వాళ్ళకు నికెలూ క్రోమియం గురించి చెబుతున్నాను. వాళ్ళేమీ వినడం లేదని నాకూ తెలుసు. అయినా చెబుతున్నాను. అప్పుడే వచ్చిన సింహాద్రి కాసేపు విని, "సినబాబు ఇనుం కతలు బాగా సెప్తన్నాడు. ఓపాలి మా కొలిమికి రమ్మనండి. మా ఇంటిది సమ్మెట ఇత్తాది, ఎత్తమనండి" అన్నాడు.

అందరూ నవ్వారు. అన్నయ్య కూడా నవ్వాడు. అన్నయ్య నవ్వడమే నాకు తగిలింది. అది సింహాద్రి తప్పా? కాదు. అతను ఆ మాట అన్న వెంటనే మర్చిపోయాడు. మర్నాడు దారిలో కనిపించి మామూలుగానే పలకరించాడు. నేను మర్చిపోలేదు.

కొన్నాళ్ళకు అతను కొట్టుకు వచ్చి, "మా ఇంటిదాని సమ్మెట మొకం అరిగిపోనాది. కొత్తది సేసి ఇత్తాను. మంచి ముక్క సూపించండి" అన్నాడు. భార్యకు ఎవరైనా చీర కొంటారు, గాజులు కొంటారు. ఇతను సమ్మెట చేసి ఇస్తున్నాడు. ఆ ముఖంలో ఉన్న సంబరం నాకు ఇప్పటికీ కనబడుతుంది. ఇరుసుల గుట్టలో చెయ్యి పెట్టి, లావుగా ఉన్న చివర చూసి ఒకటి తీసుకున్నాడు. అన్నయ్య తూచి ఇమ్మన్నాడు. తూచి ఇచ్చాను.

అప్పుడు ఏమీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, చెప్పొచ్చులే అనుకున్నానేమో. అతను అడగలేదు కూడా. అంతవరకూ నేను నన్ను క్షమించుకోగలను. అక్కడితో ఆగిపోయి ఉంటే ఇది రాసేవాడిని కాదు.

అతను తిరిగి వచ్చాడు. సమ్మెటను మలిచాడు, ఇంకా నీళ్ళలో ముంచలేదు. చేతులకు మసి అలాగే ఉంది. అరుగు మీద ఎవరో ఉన్నారు. అన్నయ్య లోపల ఎవరితోనో మాట్లాడుతున్నాడు. నేను గొలుసు కొలుస్తున్నాను.

"సినబాబూ, ఓ మాట అడుగుతాను. ఈ ఇరుసు ఏటి ఉక్కు?"

"ఏం?"

"ఎర్రగా కాల్సినా మొండిగున్నాది. మా ఇంటిది గుద్దుతుంటే సేతులు జుమ్మంతన్నాయంట. ఇలగెప్పుడూ నేదు. మామూలు ఉక్కేనేటి?"

"మామూలు ఉక్కే."

"నీట్లో ముంచీవొచ్చా?"

"ఎప్పుడూ ముంచినట్టే ముంచు."

అతను తల ఊపాడు. "సదూకున్నోడివి. తెలిసే సెప్తావు" అని వెళ్ళిపోయాడు. ఆ మాటలో వెటకారం లేదు. ఆ రోజు ఉందనుకున్నాను. లేదు.

ఈ నాలుగు మాటల్నీ నేను ఎన్ని విధాలుగా తిప్పి చూశానో. గొలుసు కొలుస్తున్నాను కాబట్టి పరధ్యానంగా అన్నానా? పరధ్యానమైతే నీళ్ళ సంగతి అడిగినప్పుడు మళ్ళీ ఎందుకు అన్నాను? అరుగు మీది మనుషుల ముందు మళ్ళీ నికెలు పేరెత్తితే నవ్వుతారని భయపడ్డానా? భయమే అయితే అతన్ని పక్కకు పిలిచి చెప్పొచ్చు కదా. సమ్మెటే కదా, ఏమీ కాదులే అని నమ్మానా? మస్తాన్ చెప్పిందంతా నిజమో కాదో అని అనుమానపడ్డానా? కొన్ని రోజులు ఒకటి నిజమనిపిస్తుంది, కొన్ని రోజులు ఇంకొకటి. వీటన్నిటికీ వెనక ఇంకొకటి ఉంది. దాని దగ్గరికి వస్తాను. ఇప్పుడే రాలేను.

రెండు మూడు రోజుల తర్వాత పట్టపగలు మా కొట్టు ముందు నుంచి ఎవరో పరుగెత్తుతూ, కొలిమి దగ్గర దెబ్బ తగిలిందని అరిచారు. నేనూ పరుగెత్తాను. ఎవరికి తగిలిందో వినకముందే పరుగెత్తాను. అది కూడా ఆలోచించాల్సిన సంగతే.

పైడితల్లి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. సింహాద్రి తన తువ్వాలు ఆమె కంటికి ఒత్తి పట్టుకున్నాడు. ఆమె కదలడం లేదు. కొత్త సమ్మెటతో కొట్టిన తొలి దెబ్బల్లోనే దాని మూల విరిగి, మినపగింజంత పెచ్చు ఎగిరి కంట్లో దిగింది. సమ్మెట మట్టిలో పడి ఉంది. అందరూ ఆమెను చూస్తున్నారు. నేను వంగి సమ్మెట తీశాను. విరిగిన చోటు బూడిదరంగులో, పింగాణీ కప్పు పెచ్చులాగా, మెత్తదనమనేది ఎక్కడా లేకుండా మెరుస్తోంది. అక్కడి నుంచి సన్నని గీత ఒకటి లోపలికి పోయింది. మస్తాన్ చెప్పింది అక్షరాలా నిజం. ఆ క్షణంలో నాకు మొదట కలిగింది భయం కాదు. మీకు చెబుతున్నాను కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పాలి. మొదట కలిగింది, "నేను నేర్చుకున్నది తప్పు కాదు" అన్న ఆలోచన. భయం ఆ తర్వాత వచ్చింది.

ఆమెను రైల్లో విజయనగరం ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కన్ను తీసేశారు.

వాళ్ళు తిరిగి వచ్చాక చూడడానికి వెళ్ళాను. బత్తాయిలు పట్టుకెళ్ళాను. గుమ్మంలోకి వెళ్ళేసరికి ఇద్దరూ గొడవ పడుతున్నారు. ఏం గొడవో అనుకుని బయటే ఆగాను.

"నీట్లో ముంచినప్పుడు టిక్కుమన్నాది. నాను ఇన్నాను. పట్టకారు తగిలిందేమో అనుకుని ఒగ్గేసేను. తప్పు నాదే" అంటున్నాడు సింహాద్రి.

"నీ మొకం. నా దెబ్బ వారగా పడ్డాది. ఆ యేల నా దేన్నం దాని మీద నేదు. నానే సరిగ్గా ఏసుంటే ఏటీ అవకపోను" అంటోంది ఆమె.

తప్పు నాదంటే నాదని దెబ్బలాడుకుంటున్నారు. ఎవరూ తగ్గడం లేదు. నన్ను చూసి సింహాద్రి లేచాడు. "సినబాబు వొచ్చేడు. ఆయన్నే అడుగుదాం. సెప్పు బాబూ, సదూకున్నోడివి. తప్పెవుల్ది?"

ఆమె కట్టు కట్టిన ముఖం నావైపు తిప్పింది. ఇద్దరూ ఎదురుచూస్తున్నారు. నోరు తెరిస్తే చాలు, అంతకంటే మంచి సమయం ఎవరికీ దొరకదు. ఒక్క మాటతో ఇద్దరి మీదా ఉన్న భారం దింపేయొచ్చు.

"ఎవరి తప్పూ కాదు. ఖర్మ" అన్నాను.

బత్తాయిలు అక్కడ పెట్టి వచ్చేశాను. మొదటి అబద్ధం కుర్రతనం అనుకోండి. ఈ రెండోది ఏమిటి? అప్పటికి ఆ కన్ను పోయి ఉంది, ఆ మనుషులు నా కళ్ళ ముందే ఉన్నారు. అయినా చెప్పలేదు. భయపడ్డానా? పోలీసులకు భయపడ్డానా, అన్నయ్యకా? నిజానికి వాళ్ళిద్దరూ నన్ను ఏమీ అనేవాళ్ళు కారు. ఏమీ అనరని తెలిసే మరింత భయపడ్డానేమో. నాకు తెలియడం లేదు.

సింహాద్రి ఆ తర్వాత ఏ ఇనుమునూ నీళ్ళలో ముంచలేదు. గొడ్డలి చేయమంటే చేయనన్నాడు. ఆ చేత్తో మళ్ళీ ముంచి పదును పెట్టనన్నాడు. పదును పెట్టని కమ్మరి దగ్గరికి రైతులు ఎందుకు వస్తారు? ఊళ్ళో జనం కూడా అతని చెయ్యి చెడిందన్నారు. ఆ మాట మా కొట్టు అరుగు మీద కూడా అన్నారు. నేను గొలుసులు సర్దుతూ విన్నాను. చివరికి ఇద్దరూ లక్ష్మీపూర్ వెళ్ళిపోయారు. అక్కడ తలుపు కీళ్ళూ గొళ్ళేలూ బొక్కెన పిడులూ చేసేవాడట, పదునుతో పనిలేనివి. పైడితల్లి మళ్ళీ సమ్మెట పట్టలేదు, ఎత్తడానికి ఇంకెవరూ లేరు కాబట్టి పెద్ద పని ఏదీ పట్టేవాడు కాడట. ఈ సంగతులు సంతకు పోయి వచ్చినవాళ్ళు చెప్పేవారు. నేను అడక్కుండానే చెప్పేవారు. నేను వినడానికి ఇష్టపడేవాడిని కాను, కానీ వాళ్ళు లేచి పోబోతే ఇంకేమైనా ఉందా అని ఆపేవాడిని.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. ఆ తర్వాత నేను చాలా జాగ్రత్తపరుణ్ణయ్యాను. మిగిలిన ఇరుసుల్ని లారీలు బాగుచేసేవాళ్ళకే అమ్మాను. ఏ కమ్మరి వచ్చినా, ఇది నీళ్ళలో ముంచకు, ఇది నూనెలో ముంచు, ఇది నీకు వద్దు అని విసుగు లేకుండా చెప్పాను. ఉక్కు గురించి ఇంకా చదివాను. మాంగనీసు కొంచెం ఎక్కువైతే ఏమవుతుంది, క్రోమియం ఎంతుంటే ఎంత మందం దాకా గట్టిపడుతుంది, అన్నీ తెలుసుకున్నాను. ఇప్పుడు మా కొండల్లో కొత్త రైలు దారి కోసం సొరంగాలు తొలుస్తున్నారు కదా, ఆ కంట్రాక్టర్లు రాయి తొలిచే కడ్డీల సంగతి నన్ను అడుగుతారు. ఉక్కు గురించి అడగాలంటే నన్నే అడగాలని ఈ చుట్టుపక్కల పేరు. అన్నయ్య ఇప్పుడు నవ్వడు. నాకు కావలసింది నాకు దొరికింది. ఇది ప్రాయశ్చిత్తమా, లాభమా? పైడితల్లి కన్ను పోకపోతే ఇంత శ్రద్ధగా నేర్చుకునేవాడినా? ఈ ప్రశ్న దగ్గరికి వచ్చినప్పుడల్లా నా బుద్ధి మొద్దుబారిపోతుంది.

నిరుడు వానాకాలం అయిపోయాక ఒక లక్ష్మీపూర్ మనిషి చెప్పాడు, సింహాద్రి జ్వరంతో పోయాడని. ఆ మాట విన్న రోజు అన్నం తిన్నాను, కొట్లో కూర్చున్నాను, అందరితో మాట్లాడాను. వారం తిరగకముందే ఒక లారీ ఎక్కి లక్ష్మీపూర్ వెళ్ళాను. ఇంట్లో ఏం చెప్పి వెళ్ళానో గుర్తులేదు.

సంత దాటాక ఒక చిన్న పెంకుటిల్లు. ముందు వసారాలో పైడితల్లి చింతపండు గింజలు తీస్తోంది. జుట్టు నెరిసింది. నేను ఆమెకు కన్ను లేని వైపున కూర్చున్నాను. తెలియక కూర్చున్నానో, కావాలనే కూర్చున్నానో. ఆమె తల పూర్తిగా తిప్పి చూసి, గుర్తుపట్టింది.

"ఓలమ్మ, సినబాబు! ఇంత దూరం నా కోసం వొచ్చేవేటి బాబూ?"

సింహాద్రి గురించి కాసేపు మాట్లాడింది. ఆ తర్వాత నేను చెప్పాను. నిజంగానే చెప్పాను. ఆ ఉక్కు మామూలుది కాదని నాకు తెలుసని, అతను వచ్చి అడిగాడని, అబద్ధం చెప్పి పంపానని. నికెలూ క్రోమియం సంగతి కూడా చెప్పబోయాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆమె గింజలు తీయడం ఆపలేదు. అంతా విని, చివరికి నవ్వింది. ఎగతాళిగా కాదు. పిల్లవాడు గోరుముద్ద తెచ్చి నోటికందిస్తే నవ్వినట్టు.

"ఆడూ ఇలగే సెప్పేవోడు బాబూ" అంది. "పోయే ముందర కూడా, తప్పు నాదే నీది కాదే అన్నాడు. నాకు తెల్దేటి? నా సెయ్యి నాకు తెల్దేటి? దెబ్బ వారగా పడ్డాది. ఇప్పుడు ఆడు నేడని, నా మనసు కష్టపడతాదని, ఇంత దూరం వొచ్చి నువ్వు నెత్తినేసుకుంతన్నావు. ఎంత మంచోడివి బాబూ."

"కాదు పైడితల్లీ. నిజంగానే చెబుతున్నాను. ఆ ఉక్కే వేరు."

"ఉక్కు ఉక్కే కదేటి. ఎండలో వొచ్చేవు. అంబలి తాగు."

చోడి అంబలి తెచ్చి ఇచ్చింది. ఉల్లిపాయ నంజుకోమంది. నేను తాగాను. అంబలి ముంత చేతిలోకి వచ్చాక మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఇంకోసారి చెప్పి ఉండవచ్చు. గట్టిగా చెప్పి ఉండవచ్చు. దేవుడి మీద ఒట్టు వేసి ఉండవచ్చు. నేను ఒక్కసారి కాదన్నాను, ఆగిపోయాను. ఆగిపోయినప్పుడు నా లోపల ఏదో హాయిగా సర్దుకుంది. అది నాకు తెలిసింది. తెలిసి కూడా అంబలి తాగాను. ఆమె లారీ దాకా వచ్చి సాగనంపింది. పక్కింటివాళ్ళతో, మా రాయగడ సావుకారి బాబు, ఎంత దయ గల మనిషో అని చెబుతోంది.

అప్పటినుంచి మరీ అయోమయంగా ఉంది. ఇంతకుముందు నేను చెప్పనివాడిని. ఇప్పుడు చెప్పినవాడినో చెప్పనివాడినో తెలియదు. చెప్పింది అవతలివాళ్ళు నమ్మకపోతే చెప్పినట్టేనా? ఆమె ఇప్పటికీ తన చెయ్యే తప్పిందనుకుంటోంది. అతను తన చెయ్యే తప్పిందనుకుంటూ పోయాడు. అంత చక్కగా కలిసి పనిచేసిన ఆ రెండు చేతుల్లో ఏ చెయ్యీ తప్పలేదు. ఈ సంగతి లోకంలో నాకొక్కడికే తెలుసు. ఒకప్పుడు అలా నాకొక్కడికే తెలియాలని కోరుకున్నవాడిని.

ఇందాక, వెనక ఇంకొకటి ఉందన్నాను. దాని దగ్గరికి వచ్చాను.

అతను మసి చేతులతో నిలబడి మామూలు ఉక్కేనా అని అడిగినప్పుడు, ఆ సమ్మెట పగలాలని నేను కోరుకున్నాను. పగిలితే ముక్కలు పట్టుకుని కొట్టుకు వస్తాడు. అరుగు మీద అందరూ ఉంటారు. ఇలా ఎందుకైంది సినబాబూ అని అడుగుతాడు. అప్పుడు నేను చెబుతాను. నికెలు గురించి చెబుతాను, అందరూ వింటారు, అన్నయ్య వింటాడు. నేను అనుకున్నది ఇంతే. కన్ను నా ఊహలో లేదు. పైడితల్లే నా ఊహలో లేదు. ఆ సమ్మెట ఎత్తేది ఆమేనని తెలిసి కూడా ఆమె నాకు గుర్తు రాలేదు.

ఇది నిజమైన జ్ఞాపకమా, తర్వాత నన్ను నేను శిక్షించుకోవడానికి పుట్టించుకున్నదా అని చాలాసార్లు అనుమానపడ్డాను. పగలు కొట్లో కూర్చుని ఆలోచిస్తే పుట్టించుకున్నదే అనిపిస్తుంది. తెల్లవారుజామున మెలకువ వచ్చినప్పుడు, ఆలోచన ఇంకా మొదలవకముందు, నాకు తెలుసు. అది ఉంది. ఆ రోజు అది నాలో ఉంది.

లక్ష్మీపూర్‌లో ఇది చెప్పలేదు. ఆమెకు చెప్పింది సగం. తెలిసి అబద్ధం చెప్పానన్నాను, పగలాలని కోరుకున్నానని అనలేదు. ఆమె నమ్మనిది ఆ సగాన్నే. మిగతా సగం విని ఉంటే నమ్మేదేమో. అందుకే చెప్పలేదేమో.

క్షమించమని మిమ్మల్ని అడగను. ఆ అధికారం మీకు లేదు. అది ఉన్న ఇద్దరిలో ఒకతను పోయాడు, ఇంకొకామె నన్ను మంచివాడంటోంది. నేను ఏం చేయాలో మీరు చెప్పినా నేను చేస్తానో లేదో. కానీ ఆ మాట ఎక్కడా ఎవరికీ పూర్తిగా చెప్పకుండా పోతానేమోనని భయంగా ఉండేది. పగలాలని కోరుకున్నాను. తెలిసే, మామూలు ఉక్కే అని చెప్పాను. ఇప్పుడు మీకు కూడా తెలుసు.